బొగ్గుబావి – నీటిబావి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సింగరేణి బొగ్గుగనుల క్రింద రాతిపొరలు ఏ తీరున నున్నవో, వాని నడుమ నీరు ఎట్లు సంచరించుచున్నదో చెప్పుమని మీ కార్యదర్శిగారు నన్ను కోరిరి. కనిగిరిలో కూర్చుండి గోదావరి లోయలోని గనుల ముచ్చట వినుట యెందుకని మీలో కొందరికి తోచవచ్చును. మన సీమలో బొగ్గు లేదు, ఉండబోదు కూడ. అది యెందువలననో ముందు మనవిచేసెదను. ఐనను ఈ విషయము మనది కాకపోలేదు.

అచటివారు గనిని గని యనరు, బావి యందురు. ఇల్లందులో గాని, బెల్లంపల్లిలో గాని, గోదావరిఖనిలో గాని కార్మికుడు పనికి బయలుదేరుచు "బాయికి పోతున్న" అని చెప్పి పోవును. మనకును బావి యున్నది. వారి బావిలో నీరూరిన భయము. మన బావిలో నీరూరకున్న భయము. నేను ఈ మెట్టసీమలో పుట్టి ఆ బొగ్గుబావులలో సర్వేయరుగా ముప్పది యేండ్లు కొలతలు వేసినవాడను. ఇంటినుండి ఉత్తరములు వచ్చెడివి: దిగుడుబావి అడుగంటినది, బోరు వేయింపవలెను, డబ్బు పంపుము అని. ఆ ఉత్తరము జేబులో నుంచుకొని, మోకాటిలోతు నీటిలో నిలువబడి, గంటకు ఎంత నీరు తోడుచున్నారో లెక్క వ్రాసికొనిన దినములు కలవు. వాన అచట మనకంటె కొంత హెచ్చే. కాని ఆ హెచ్చు ఒక్కటే ఇంతటి భేదమునకు చాలిన కారణము కాదు. ఒకచోట నీటిని వెలుపలికి తోడుటకు రేయింబవళ్లు యంత్రములు తిరుగుచుండగా, వేరొకచోట ఐదువందల అడుగులు తొలిచినను తెల్లని పిండియే పైకెగయుట యేమి? దీనికి సమాధానము రాతినే అడుగవలెను.

భూమిక్రింద నదులు పారుచున్నవనియు, అదృష్టమున్నవాని బోరు ఆ నదిలో పడుననియు మనలో పలువురి నమ్మకము. సున్నపురాతి గుహలున్న బెలుము వంటి చోట్ల నేలక్రింద వాగు పారుట కద్దు. తక్కిన చోట్ల అట్టి నదులు లేవు. నీరు రాతి రేణువుల సందులలోనో, రాతి పగుళ్లలోనో ఉండును. ఇంటికి పోయినపిదప ఒక గిన్నెనిండ ఆవాలు పోసి, దానిపై చెంబుతో నీరు పోసి చూడుడు. నిండిన గిన్నెయే మరికొంత నీటిని త్రాగును. ఇసుకరాయి అట్టిది. నూరుపాళ్ల ఇసుకరాతిలో పది మొదలు ఇరువది పాళ్ల వరకు సందులుండుట సామాన్యము. ఇక మన ఇంటి రోలును చూడుడు. రాత్రియంతయు నీటిలో నానవేసినను లోపలికి తడి యెక్కదు. పగులని గ్రానైటులో సందులు నూటికి ఒకపాలైనను ఉండవు. ఆ రోలు నడిమికి బీటవారినచో మాత్రము ఆ బీటలో నీరు నిలుచును. సింగరేణి ఆవాల గిన్నె. కనిగిరి బీటవారిన రోలు.

పూర్వులు దీనిని గమనింపకపోలేదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూమిలోని జలసిరలను గూర్చి ఒక అధ్యాయమే వ్రాసెను. పుట్టలను, చెట్లను, రాతి రంగులను చూచి నీటిని ఊహించు మార్గములు అందు చెప్పబడినవి. ఆయన గుర్తులన్నియు నేడు నిలుచునని నేను చెప్పను. కాని పైనున్న దానిని చూచి క్రిందనున్న దానిని తెలిసికొనవలెనను ఆ బుద్ధి మాత్రము శాస్త్రబుద్ధియే.

ఇక సింగరేణికి పోవుదము. 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ త్రవ్వుకొను హక్కులను పొందెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడెను. ఆ ప్రాంతపు బొగ్గుపొరలలో ఒకటి 'కింగు', మరియొకటి 'క్వీను'. డాక్టరు కింగుగారి పేరు నిలిచినచోట ప్రక్కన రాణి లేకున్న శోభింపదని తలచిరి కాబోలు.

ప్రాణహిత–గోదావరి లోయలో ఈ బొగ్గునేల వాయవ్యమునుండి ఆగ్నేయమునకు సుమారు 350 కిలోమీటర్ల పొడవున సాగియున్నది. అది యొక పొడవైన తొట్టి యనుకొనుడు. అటునిటు భూమి నిలువుగా పగిలి, నడిమిభాగము క్రమముగా క్రుంగుచు వచ్చెను; క్రుంగినకొలది నదులు తెచ్చిన ఇసుకయు, ఒండ్రును అందు నిండుచు వచ్చెను. తొట్టి అడుగున మన కొండలవంటి ప్రాచీన శిలలు గలవు. వానిపై మొదటి పొర పేరు తాల్చేరు. ఒరిస్సాలోని ఊరిపేరు దానికి పెట్టిరి. అది మంచుగడ్డలు ఈడ్చి తెచ్చిన గుండ్లతోను, ఆకుపచ్చని మట్టిరాతితోను కూడినది. గోదావరి లోయలో మంచుగడ్డలా అని మీరు నవ్వవచ్చును. సుమారు ముప్పది కోట్ల సంవత్సరముల క్రిందట మన దేశము దక్షిణధ్రువమునకు చేరువగా, ఆఫ్రికా ఆస్ట్రేలియాలతో అంటుకొని యుండెను. ఆ మహాఖండమునకు మన గోండుల నేల పేరే పెట్టి, గోండ్వానా అని లోకమంతయు పిలుచుచున్నది.

మంచు కరగినపిదప వాతావరణము వెచ్చబడి, బురదనేలలలో అడవులు పెరిగెను. చెట్లు కూలి, ఆకు రాలి, గాలి చొరని నీటిలో మ్రగ్గి, వానిపై ఇసుక పేరుకొని, ఆ బరువున నలిగి బొగ్గయ్యెను. ఇది బరాకరు పొర. మరల అడవి, మరల ఇసుక. ఈ విధముగా బొగ్గు, ఇసుకరాయి, షేలు అనబడు మట్టిరాయి ఒకదానిపై నొకటి మడతవేసిన దుప్పట్లవలె పేర్చబడినవి. దానిపై బొగ్గు కరవైన పొర. దానిపై కాంఠీ పొర అనబడు దట్టమైన ఇసుకరాయి. ఇంకను పైన ఆదిలాబాదు ప్రాంతపు మలేరి గ్రామము పేర నొకటి, ప్రాణహిత దరినున్న కోట గ్రామము పేర నొకటి. ఆ కోట పొరలోనే రాక్షసిబల్లుల ఎముకలు దొరికెను. యామనపల్లి దగ్గర దొరికిన దానికి కోటాసారసు అని పేరు పెట్టిరి. హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున దాని అస్థిపంజరమును నిలిపిరి. పిల్లలను తీసికొనిపోయి చూపుడు. వారు రాతిపొరల సంగతి మరచినను ఆ బల్లిని మరువరు.

ఈ పొరలు నేలకు సమముగా పరచి లేవు, ఒరిగియున్నవి. తొట్టి అంచున పొర తల నేలపైకి కనబడును. అచటినుండి అది లోయ నడిమికి వాలుగా దిగిపోవును. ఈ వాలునందే నీటి రహస్యమంతయు నున్నది. పొర తల బయటపడినచోట వాననీరు ఇసుకరాతిలోనికి ఇంకును. ఇంకిన నీరు వాలువెంట దిగును. పైన మట్టిరాతి పొర, క్రింద మట్టిరాతి పొర. ఆ రెండింటిగుండ నీరు సులభముగా పోజాలదు. కనుక నడిమి ఇసుకరాతిలోని నీరు గొట్టములో చిక్కిన నీటివలె ఒత్తిడికి లోబడియుండును. మిద్దెపైని తొట్టినుండి క్రిందికి దిగిన గొట్టమునకు చిల్లుపడిన నీరు చిమ్మును గదా! అట్లే ఆ పొరకు బోరు తగిలిన నీరు తనంతట తాను పైకి లేచును. ఆశ్చర్యపడి కొబ్బరికాయ కొట్టినవారిని నేను చూచితిని. కొట్టుటలో తప్పులేదు గాని, ఆ నీరు ఎచటనో మైళ్ల దూరమున, పొర తల బయటపడిన అడవిలో పడిన వాన యని కూడ తెలియవలెను.

అది యెంత వేగముతో వచ్చునందురా? 1856లో ఫ్రాన్సు దేశమున డిజాన్ పట్టణమునకు నీటివసతి కల్పించిన హెన్రీ డార్సీ అను ఇంజనీరు, ఇసుక నింపిన గొట్టముగుండ నీటిని పంపి కొలిచి, ఒక సూత్రమును చెప్పెను. రెండు చివరల నీటిమట్టముల భేదము హెచ్చినకొలది నీరు హెచ్చుగా పారును. దారి పొడవైనకొలది తగ్గును. ఇసుక స్వభావమును బట్టి మారును. ఇంతే. నేటికిని గనులలో ఎన్ని పంపులు పెట్టవలెనో లెక్కకట్టువారు ఈ సూత్రముతోనే ప్రారంభింతురు. ఇసుకరాతిలో నీరు దినమునకు మూరెడు నడచిన గొప్ప. పెక్కుచోట్ల బెత్తెడైనను నడువదు. కావున మనము నేడు త్రాగు నీరు మన తాతలనాటి వాన కావచ్చును.

ఇట్టి పొరలలోనికి మనుష్యుడు బొగ్గుకై దిగినాడు. మొదట బొగ్గులో వీధులు త్రవ్వి, నడుమ బొగ్గుస్తంభములను విడుతురు. పిదప ఆ స్తంభములను గూడ తీయుదురు. తీసినచోట పైకప్పు కూలును. కూలిన ఆ ఖాళీని గోఫు అందురు. కప్పు కూలినపుడు దానిపైని రాయి పగులును. దాని పైదియు పగులును. ఆ పగులు పైకి ప్రాకి, నీరున్న ఇసుకరాతి పొరను తాకెనా, మట్టిరాయి కోట్ల యేండ్లు కాపాడిన మూత తెరచుకొనినట్లే. నీరు గనిలోనికి దిగును. అందువలననే కొన్ని గనులలో గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టములగుండ క్రిందికి పంపి ఖాళీలను నింపుదురు. కప్పు అంతగా కూలదు. పైని ఊళ్లును, వాగులును క్రుంగవు. ఖర్చు హెచ్చు, ఇసుకయు ఊరక రాదు. నాకడిగిన అది వృథావ్యయము కాదందును.

దిగిన నీరంతయు వాలువెంట పోయి అడుగున సంపులో చేరును. దానిని మెట్టు మెట్టుగా పంపులు పైకి తోడును. వానకాలమున సంపు నిండు వేగము హెచ్చును. కరెంటు పోయిన రాత్రి గనిలోనివారికి మొదట జ్ఞప్తికి వచ్చునది దీపము కాదు, సంపు. పంపులు ఆగిన కొన్ని గంటలలోనే అడుగు వీధులు మునుగుట నేనెరుగుదును. పైకి తోడిన నీటిలో కొంత గని పనులకు వాడుదురు. కొంత చుట్టుపట్ల చెరువులకు మళ్లింతురు. మన దేశపు గోండ్వానా బొగ్గులో గంధకము తక్కువ గనుక ఆ నీరు పరదేశపు గనినీటివలె మిక్కిలి పులిసియుండదు. ఐనను పరీక్షింపక త్రాగదగినది కాదు.

ఇచట గనిపైని పల్లెల మాట చెప్పకపోయిన అన్యాయమగును. ఒకచోట నీటిని విడువక తోడినచో చుట్టును నీటిమట్టము గరాటువలె క్రుంగును. గరాటు నడిమి గని. దాని అంచు ఎంతదూరము పోవునో రాయి నిర్ణయించును. ఆ అంచులోపలి చేదబావులు ముందెండును. పెద్ద బహిరంగ గనులు వచ్చినపిదప ఈ గరాటు మరింత వెడల్పైనది. నేలను పైనుండియే వందల అడుగులు తవ్వుటతో, తెగిన ప్రతి ఇసుకరాతి పొరయు గని గోడనుండి కారుచుండును. గనికి ఆనుకొనియున్న పల్లెలో రైతు బావిలోనికి తొంగిచూచుచు, "మా నీరు మీ బాయిలోనికే పోయిందయ్యా" అని నాతో అనెను. సూత్రము చదువనివాడు. డార్సీ చెప్పినది అదియే. వానలో కొంత మట్టము కోలుకొనును. కాని రైతు పైరు వానకై ఆగును గాని వేసవి ఆగునా? దేశమునకు కరెంటు కావలసినదే. ఆ కరెంటుకు మూల్యముగా ఏ పల్లె బావి ఎండినదో ఆ పల్లెకు త్రాగునీరు ముందు చేరవలెననుట నా నిశ్చితాభిప్రాయము. గనిలో జీతము తీసికొన్న దినములలోను ఇదియే నా అభిప్రాయము.

గని మూసినపిదప కథ ముగియదు. పంపులు తీసివేయుదురు. నీరు తన త్రోవను తాను తిరిగివచ్చి, త్రవ్విన వీధులను, గోఫులను నింపును. చీకటిలో నిండిన ఒక చెరువు తయారగును. దానికి గట్టు పేరున విడిచిన బొగ్గుగోడ తప్ప వేరు ఆధారము లేదు. ప్రక్కగనివాడు తన బొగ్గును త్రవ్వుకొనుచు ఆ గోడను సమీపించినచో? 1975 డిసెంబరు 27న ధన్‌బాదు ప్రాంతపు చాస్‌నాలా గనిలోనికి నీరు విరుచుకొనిపడి 375 మంది మడసిరి. మనవారి గోదావరిఖనిలో 2003 జూను 16న 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. బొగ్గుబావిలో నిప్పు, గాలి, కప్పు – ఇవి యన్నియు ఏదో ఒక సైగ చేయును. ఆవలి నీరు సైగ చేయదు.

అందువలననే 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలో ఒక కట్టడి చేసిరి. పాత పనులకు 60 మీటర్ల లోపలికి వచ్చిన పనిని ముందస్తు అనుమతి లేక సాగింపరాదు. ముందుగా సన్నని బోర్లువేసి ఆవల నీరున్నదో లేదో చూచుకొనుచు పోవలెను. కాని 60 మీటర్లు ఎచటినుండి కొలువవలెను? పాత గని ఎంతవరకు త్రవ్వబడినదో తెలిపు పటమునుండి. ఆ పటము నిజమైనచో మనుష్యుడు బ్రతుకును. పటమున గీత పది గజములు ఇటున్నచో, ఆ గీతను నమ్మి గడ్డపార వేసినవాడు ఇంటికి రాడు. సర్వేయరు పనిలో నేను నేర్చినదంతయు ఈ ఒక్క మాటలో నున్నది: కంటికి కనబడని చోట కాగితమే కన్ను.

బొగ్గు వెదకువారు ఈ కాగితమును ఎట్లు తయారుచేయుదురో చెప్పెదను. ఇదియే నేను మీకు ముఖ్యముగా చెప్పదలచినది. అడవిలో వరుసగా బోర్లు వేయుదురు. మన బోర్లవలె రాతిని పిండిచేయరు. బోలు గొట్టముతో తొలిచి, రాతిని గుండ్రని కడ్డీగా పైకి తీయుదురు. ఆ కడ్డీలను చెక్కపెట్టెలలో వరుసగా అమర్చి, ఏది ఎన్ని మీటర్ల లోతునుండి వచ్చినదో అంకెవేసి, ప్రతి జానెడును చూచి, ఇది ఇసుకరాయి, ఇది మట్టిరాయి, ఇది బొగ్గు, ఇచట నీరు తగిలెను అని పుస్తకమున కెక్కింతురు. ఈ బోరులో 90 మీటర్లకు దొరికిన పొర ఆ బోరులో 140 మీటర్లకు దొరికినచో వాలు తెలియును. ఒక్కసారిగా వంద మీటర్లు జారిపోయినచో నడుమ భూమి విరిగినదని తెలియును. ఆ విరుగు నీటికి ఒకచోట దారి, ఒకచోట అడ్డుగోడ. ఈ విధముగా మనుష్యుడు దిగకముందే గని క్రింది లోకమంతయు కాగితముపై నిలుచును.

ఇపుడు కనిగిరికి రండు. మన కొండ, మన నేల అడుగు గ్రానైటు. భూగర్భమున కరగిన ద్రవ్యము చల్లారి గట్టిపడగా ఏర్పడినది. దీని వయస్సు నూరుకోట్ల సంవత్సరములకు పైబడినది. అది గట్టిపడిననాడు నేలపై చెట్టు అనునదే పుట్టలేదు. చెట్టులేనిదే బొగ్గెట్లు వచ్చును? మన సీమలో బొగ్గు ఉండబోదని మొదట అన్నది ఇందుకే. పైన కొంత మన్ను, దానిక్రింద మొరము, దానిక్రింద ముదిరి, పిగిలిన రాయి, అటుపిమ్మట పగుళ్లున్న రాయి, ఆపైన కటికరాయి. మన నీటికుండ ఆ మొరమును, పిగిలిన రాయియును. పూర్వపు దిగుడుబావులు ఆ కుండలోనే ముంచుకొనెడివి. ఆ కుండ ఎండగా బోర్లతో పగుళ్లకు దిగితిమి. లోతునకు పోయినకొలది పగుళ్లు అరుదగును, ఉన్నవి సన్నగిల్లును. ఆరువందల అడుగులు వేసిన ఎండినది గాన ఎనిమిదివందలు వేయుదమను రైతు, అప్పుపై అప్పు చేయుచున్నాడు. సింగరేణిలో లోతునకు పోయిన క్రొత్త ఇసుకరాతి పొర తగులవచ్చును. ఇచట తగులుటకు క్రొత్త పొర లేదు. అదే రాయి. ఇరుగుపొరుగు పొలముల బోర్లు ఒకే పగులును తాకినచో, క్రొత్త బోరు క్రొత్త నీటిని తేదు; పాతబోరు నీటిని పంచుకొనును. రైతు అన్నదమ్ముల నడుమ వచ్చు తగవులలో కొన్నింటికి ఈ పగులే కారణము. 2002 నాటి నీరు–భూమి–చెట్ల చట్టము ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల వేరు బావి వేయరాదనుటయు ఇందువలననే.

నీటి కొరత ఒకయెత్తు. నీటిలోనిది వేరొకయెత్తు. కనిగిరి గ్రానైటు భూగర్భశాస్త్రజ్ఞులకు పేరెన్నికగన్నది. దానిలో ఫ్లోరైటు అను ఖనిజము ఉండుటయే ఆ ప్రఖ్యాతికి ఒక కారణము. నీరు రాతిలో ఎక్కువకాలము నిలిచినకొలది ఫ్లోరైడును కరగించుకొనును. నీటిలోని సున్నపుపాలు తగ్గి సోడాపాలు హెచ్చినపుడు మరింత కరగును. లోతు పగుళ్లలోని నీరు పాతనీరు. అందువలన తరచుగా దానిలో ఫ్లోరైడు హెచ్చు. దేశమున ఈ ఫ్లోరైడు వ్యాధిని మొట్టమొదట గుర్తించి 1937లో వైద్యపత్రికలో ప్రకటించినది నెల్లూరు జిల్లాలోనే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు మన కనిగిరి ఆ నెల్లూరు జిల్లాలోనిదే. పసుపుపచ్చని గారపళ్లు, వంగని మెడ, బిగిసిన నడుము – వీనిని మీకు వర్ణింపనక్కరలేదు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకే ఉండదగును. వేరు ఆధారము లేనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చుకొనవచ్చును. ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. తల్లులు ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను: నీటిని కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరినకొలది చిక్కబడును. పటిక, సున్నము వేసి తేర్చు నల్లగొండ పద్ధతి కలదు. యంత్రములతో వడకట్టు పద్ధతి కలదు. వెలిగొండకై నల్లమలను 18 కిలోమీటర్లకు పైగా తొలిచిన జంటసొరంగములు కృష్ణాజలముపై ఆశను కలిగించినవి. ఏ నీరు వచ్చినను, ఏ యంత్రము పెట్టినను, ఏ వీధి బోరులో ఫ్లోరైడు ఎంత అను లెక్క మాత్రము ముందు కావలెను.

ఆ లెక్క మనయొద్ద ఉన్నదా? మన మండలమున బోరు వేయని పొలము అరుదు. ప్రతి బోరును భూమిని ఒక ప్రశ్న అడిగినట్లే. భూమి ప్రత్యుత్తరమిచ్చినది: ఇన్ని అడుగులకు మొరము, ఇన్నింటికి నల్లరాయి, ఇచట పలుగురాయి, ఇచట తడి, ఇచట పిండి. ఆ పిండి బోరు ప్రక్కన కుప్పవడి, మరునాటి గాలికి ఎగిరిపోయినది. వ్రాసికొన్నవాడు లేడు. సింగరేణిలో ఒక బోరు వ్యర్థమైనను దాని కాగితము వ్యర్థము కాదు. మనయొద్ద పొరుగువాడు నాలుగేండ్ల క్రిందట ఎచట ఎండుబోరు వేసెనో తెలియక, దానికి ఇరువది గజములలో మరల వేయువాడు కలడు.

ఇది రైతులకు చేతగాని పని యని యెవరైన ననిన నేనొప్పుకొనను. 2003 మొదలు కొన్నియేండ్లు ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకమొకటి 7 జిల్లాలలో, 600కు పైబడిన పల్లెలలో నడచెను. మన ప్రకాశము అందొకటి. రైతులు, స్త్రీలును పురుషులును, తామే వానను కొలిచిరి. బావులలోనికి టేపు దించి నీటిమట్టమును వ్రాసిరి. ఈ యేడు ఇంత నీరున్నది గాన ఇంత వరియా, కందియా, జొన్నయా యని కూర్చుండి లెక్కవేసికొనిరి. పథకమునకు సొమ్ము నిలిచినపిదప పెక్కుచోట్ల పుస్తకము మూతపడెను. వ్రాయువారు లేక కాదు. ఆ పుస్తకమును ఉంచుటకు ఒక చోటు లేక.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇచట చందాదారుల పుస్తకము ఒక్కదినమైన తప్పక వ్రాయబడినదని కార్యదర్శిగారు నాకు చూపిరి; చూచి సంతసించితిని. ఆ బీరువాలోనే మరియొక పుస్తకమునకు చోటీయుడని నా ప్రార్థన. గీతలు నేనే గీసి తెచ్చితిని: బోరు ఎవరి పొలమున, ఏ సర్వే నంబరులో, ఏ తేదీన, మొరము ఎంతవరకు, రాయి రంగు మారినది ఎన్ని అడుగులకు, తడి తగిలినది ఎచట, మొత్తము లోతు, నీరు వచ్చినదా లేదా, ఫ్లోరైడు పరీక్ష చేయించిన ఎంత. ఎండుబోరును వ్రాయుటకు సిగ్గుపడవలదు. దానివలననే ఎక్కువ తెలియును. గోడకు ఒక వానకొలత పెట్టె తగిలింపవలెను. ఉన్నతపాఠశాల పిల్లలలో ఎవరైన ఉదయము ఎనిమిదిన్నరకు చూచి వ్రాయగలరు. నెలకొకసారి ఊరి మూడు దిక్కుల మూడు బావులలోనికి టేపు దించిన చాలును.

మొదటి పంక్తి నేనే వ్రాసితిని. మా తండ్రిగారి పొలములోని బోరు, 420 అడుగులు, 35 అడుగుల వరకు మొరము, 110 అడుగుల వద్ద కొద్ది తడి, తరువాత నీరు లేదు. రెండవ పంక్తి ఖాళీగా నున్నది. కలమును కార్యదర్శిగారి బల్లపై నుంచితిని.